శుక్రవారం మాట: ముందు ఎవరు నిలబడాలి?



ప్రియమైన సోదరులారా, పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏ దేశమో, ఏ కంపెనీయో చెప్పను, అవసరం లేదు. వాళ్ళ క్యాంపులో నమాజుకని ఒక గది ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఒక పెద్దాయన ముందు నిలబడి నమాజు చదివిస్తున్నారు. ఆయన ఫోర్మన్, సర్వీసు చాలా ఉంది. ఈ మధ్య ఊరి నుంచి కొత్తగా ఒక కుర్రాడు వచ్చాడు. హెల్పర్ పని. మదర్సాలో చదివి ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్. కొందరు ఆ కుర్రాణ్ణి ముందు నిలబెడదామన్నారు. ఫోర్మన్ గారికి కోపం వచ్చింది. పొద్దంతా నా కింద బ్లాకులు మోసేవాడి వెనక రాత్రి నేను నిలబడాలా అన్నారట. ఇప్పుడు ఆ ఒక్క గదిలోనే ఇషా నమాజు రెండు జమాతులుగా జరుగుతోంది. రెండు పక్షాల వాళ్ళూ ఒకరికొకరు సలాం చెప్పుకోవడం కూడా మానేశారు. ఎవరిది న్యాయం భాయ్ అని ఆ తమ్ముడి ప్రశ్న.

ఈ ప్రశ్నకి జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ దీని వెనకాల పద్నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే ఆ ఇద్దరి గొడవ ఎంత చిన్నదో తెలుస్తుంది, ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. బస్సులో కూర్చున్నప్పుడు చదువుకోండి.

ఇమామ్ అంటే ముందుండేవాడు. అంతే అర్థం. పూజారి అని కాదు, కులగురువు అని కాదు. ఇస్లాంలో ఇమామత్ ఒక వంశానికో కులానికో రాసిచ్చింది కాదని మన సున్నీ పండితులందరూ చెబుతారు. మక్కా నుంచి ముస్లింలు మదీనాకి వలస వస్తున్న తొలిరోజుల్లో, ఖుబాలో వాళ్ళకి నమాజు ఎవరు చదివించారో తెలుసా? హజ్రత్ సాలిం (రజి). ఆయన అబూ హుజైఫా (రజి) ఇంటి నుంచి విడుదలైన బానిస. వెనక సఫ్‌లో నిలబడినవాళ్ళు ఖురైష్ పెద్దలు. హజ్రత్ ఉమర్ (రజి) లాంటి వాళ్ళు కూడా ఆయన వెనక నిలబడ్డారని సహీహ్ బుఖారీలో ఉంది. కారణం ఒక్కటే. అక్కడున్న వాళ్ళలో ఖుర్ఆన్ ఎక్కువ వచ్చింది ఆయనకే.

ఇంకొకటి వినండి. అమ్ర్ బిన్ సలమా అని ఒక పిల్లవాడు. ఆరేడేళ్ళ వాడు. వాళ్ళ ఊరు దారి పక్కన. మదీనా వైపు నుంచి వచ్చే ప్రయాణికులు ఖుర్ఆన్ వాక్యాలు చెబుతుంటే విని విని నేర్చుకున్నాడు. తెగ మొత్తం ఇస్లాంలోకి వచ్చాక, ఎక్కువ ఖుర్ఆన్ వచ్చినవాడు ముందు నిలబడాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆజ్ఞ అందితే, వెతికి చూస్తే ఈ పిల్లవాడే తేలాడు. నిలబెట్టేశారు! వాడి ఒంటి మీద దుప్పటి లాంటి గుడ్డ పొట్టిది. సజ్దాలోకి వెళితే వెనక నుంచి పైకి పోయేది. ఒక ఆవిడ మీ ఇమాముకి బట్ట కప్పండయ్యా అంటే, అందరూ గుడ్డ కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కా చూసుకుని తాను పడిన సంతోషం ఇంకెప్పుడూ పడలేదని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. నాకు చాలా ఇష్టమైన హదీసు ఇది. ఇమామ్ కోసం గొడవపడేవాళ్ళకి ముందు ఇది వినిపించాలి.

వరస ఇలా చెప్పారు ప్రవక్త (స). ముందు ఖుర్ఆన్ ఎక్కువ వచ్చినవాడు. అందులో సమానమైతే సున్నత్ ఎక్కువ తెలిసినవాడు. తర్వాత హిజ్రత్‌లో ముందున్నవాడు. ఆ తర్వాతే వయసు. ఈ వరసలో జీతం లేదు, డ్యూటీ గ్రేడు లేదు, అకామా మీద రాసిన ఉద్యోగం పేరు లేదు. కాబట్టి తమ్ముడూ, మీ గదిలో ఆ హెల్పర్ కుర్రాడే నిలబడాలి. అయితే అదే హదీసులో ఇంకో మాట కూడా ఉంది. ఒకరి అధికారం నడిచే చోట, ఒకరి ఇంట్లో, వాళ్ళ అనుమతి లేకుండా మనం ముందుకి పోకూడదు. ప్రభుత్వం వాళ్ళు ఇమాముని నియమించిన మసీదుకి వెళ్ళి, నాకు ఆయన కంటే బాగా వచ్చు అని ఎగబడకూడదు. మీ గదికి అలాంటి నియామకం ఏదీ లేదంటున్నావు. ఫోర్మన్ గారే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళితే, గొడవ ఆ రాత్రికే అయిపోతుంది. తెల్లారి సైటులో ఆ కుర్రాడు ఆయన చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలి. హాఫిజ్‌ని కదా అని అక్కడ కూర్చుంటే కుదరదు.

ఇప్పుడు ఆ కుర్రాడికి నాలుగు మాటలు. ముందు నిలబడ్డావు కాబట్టి నీ గొంతు బాగుందని పెద్ద పెద్ద సూరాలు మొదలుపెట్టకు.

ముఆజ్ బిన్ జబల్ (రజి) పేరు విన్నావు కదా. సహాబాల్లో గొప్ప పండితుడు. ఆయన ప్రవక్త (స) వెనక ఇషా చదివి, తర్వాత తన పేటకి పోయి అక్కడి వాళ్ళకి చదివించేవారు. ఒక రాత్రి అలా చదివిస్తూ సూరా బఖరా ఎత్తుకున్నారు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడుగైన సూరా అది. అప్పుడే ఒక మనిషి పని నుంచి వచ్చాడు. నీళ్ళు తోడే ఒంటెలు రెండు ఉన్నాయి వెంట. పొద్దస్తమానం చెట్లకి నీళ్ళు పెట్టి, చీకటి పడ్డాక వచ్చి జమాతులో కలిశాడు. సూరా అయ్యేలా లేదు. కాళ్ళు నిలవడం లేదు. పక్కకి జరిగి తన నమాజు తాను చదువుకుని వెళ్ళిపోయాడు. ఈ సంగతి తెలిసి ముఆజ్ (రజి) వాడు కపటి అన్నట్టు మాట్లాడారు. ఆ మాట ఆ కూలి మనిషి చెవిన పడింది. బాధతో నేరుగా ప్రవక్త (స) దగ్గరికి పోయి చెప్పుకున్నాడు. మేము చేతుల్తో కష్టం చేసుకునేవాళ్ళం, ఒంటెలతో నీళ్ళు తోడేవాళ్ళం, ఈయన ఇలా చేశారు అని.

ప్రవక్త (స) ఎవర్ని మందలించారు? పండితుణ్ణి. జనాన్ని కష్టపెట్టి దీన్ మీద విసుగు పుట్టిస్తావా ముఆజ్ అని మూడుసార్లు అడిగారు. షమ్స్, ఆలా, లైల్ లాంటి చిన్న సూరాలు చదవొచ్చు కదా, నీ వెనక ముసలివాళ్ళు, బలహీనులు, పనులున్నవాళ్ళు ఉంటారు కదా అన్నారు. ప్రవక్త (స) తానే నమాజు చదివిస్తూ పొడుగ్గా చదవాలనుకుని, పసిబిడ్డ ఏడుపు వినబడితే ఆ తల్లి మనసు గుర్తొచ్చి కురచ చేసేవారు.

సోదరులారా, ఇస్లాంలో నాయకత్వం అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే నేను ఈ సంఘటనే చెబుతాను. ముందు నిలబడినవాడికి వెనక నిలబడినవాడి కాళ్ళ నొప్పి తెలియాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఎండాకాలంలో చెమటకి తడిసిన యూనిఫాం ఆరకుండానే వచ్చి నిలబడ్డ మనిషి. వాడింకా వంట చేసుకోవాలి, ఇంటికి ఫోన్ చెయ్యాలి, తెల్లవారుజామున మూడున్నరకి లేవాలి. వాడు నమాజు మధ్యలో వెళ్ళిపోతే తప్పు వాడిదేనని తేల్చెయ్యకండి.

వెనక నిలబడినవాడికీ ఒక హక్కు ఉంది. ఇమామ్ రకాతు లెక్క తప్పితే వెనక నుంచి సుబ్హానల్లాహ్ అని గుర్తు చెయ్యాలి. చదువుతూ ఆగిపోతే లుఖ్మా ఇవ్వాలి. వెనకనున్నవాడు సరిదిద్దితే ఇమామ్ దిద్దుకోవాలి. నమాజులోనే అల్లాహ్ దీన్ని నేర్పించాడు. రోజుకి ఐదుసార్లు అభ్యాసం చేస్తున్నాం, కానీ నమాజు గది దాటగానే మర్చిపోతున్నాం.

క్రీస్తుశకం 632లో ప్రవక్త (స) పరమపదించారు. ఇంకా ఖననం కూడా కాలేదు. సఖీఫా అనే పందిరి కింద మదీనా అన్సారులు సమావేశమయ్యారు, ఇక మనకి నాయకుడెవరని. మీలో ఒకరు, మాలో ఒకరు అనేదాకా పోయింది మాట. చివరికి హజ్రత్ అబూబకర్ (రజి) చేతిలో చెయ్యి వేసి అంగీకారం తెలిపారు. ప్రవక్త (స) జబ్బు పడినప్పుడు నమాజు చదివించమని చెప్పింది కూడా ఆయన్నే. ఆయన్ని ఖలీఫా అన్నారు. ఇమామ్ అంటే ముందుండేవాడు, ఖలీఫా అంటే తర్వాత వచ్చినవాడు, ఒకరి బదులు పని చూసేవాడు. ప్రవక్త పదవి ఆయనతోనే ముగిసింది. ఖలీఫా మీద వహీ దిగదు. అందుకే ఆయన చేసిన మొదటి ప్రసంగంలోనే, నేను మీ అందరిలో ఉత్తముణ్ణి కాదు, సరిగ్గా చేస్తే సాయం చెయ్యండి, తప్పితే సరిచెయ్యండి అన్న అర్థంలో చెప్పారు. చూశారా, నమాజులో లుఖ్మా ఇచ్చినట్టే.

ఆయన బట్టల వ్యాపారి. ఖలీఫా అయ్యాక కూడా గుడ్డల మూట భుజానేసుకుని బజారుకి బయలుదేరారు. దారిలో ఉమర్ (రజి), అబూ ఉబైదా (రజి) ఎదురై, మీరు అంగట్లో కూర్చుంటే జనం పని ఎవరు చూస్తారని ఆపి, బైతుల్ మాల్ నుంచి ఇంటి ఖర్చుకి సరిపడా ఏర్పాటు చేశారు. ఆయన రోజుల్లోనే ఉసామా (రజి) సైన్యం బయలుదేరింది. ఉసామా ఇరవై ఏళ్ళ లోపు యువకుడు, విడుదలైన బానిస కొడుకు. ఆయన గుర్రం మీద, ఖలీఫా పక్కన నడుస్తూ సాగనంపారు. పైగా, ఉమర్ మీ సైన్యంలో ఉన్నారు, నాకు సాయంగా మదీనాలో వదిలి వెళ్ళగలరా అని ఆ యువకుణ్ణి అనుమతి అడిగారు! ఖలీఫా అయ్యుండి ఆజ్ఞాపించలేదు.

ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 18లో, ఘోరమైన కరువు వచ్చింది. జనానికి నెయ్యి, మాంసం దొరికేదాకా తానూ ముట్టనని ఒట్టు పెట్టుకుని నూనెతో తిన్నారు. ఒంటి రంగు మారిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు. 644లో ఫజర్ నమాజు చదివిస్తుంటే కత్తిపోట్లు పొడిచారు. ఆ స్థితిలోనూ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) చెయ్యి పట్టుకుని ముందుకి లాగి నమాజు పూర్తి చేయించారు. తర్వాతి ఖలీఫాని ఎంచుకోమని ఆరుగురి మీద బాధ్యత పెట్టారు. కన్నకొడుకు అబ్దుల్లా (రజి) సలహాకి కూర్చోవచ్చు కానీ పదవికి పనికిరాడని ముందే కట్టు వేశారు. తర్వాత ఉస్మాన్ (రజి), అలీ (రజి). ఇద్దరూ హత్యకి గురై షహీదయ్యారు. అలీ (రజి) మీద కత్తి దూసింది 661లో, కూఫా మసీదులో.

ఆ తర్వాత కథ మారిపోయింది. పేరు ఖలీఫానే, పద్ధతి మాత్రం తండ్రి తర్వాత కొడుకు. యజీద్‌కి బైఅత్ ఇవ్వనని నిలబడిన హజ్రత్ హుసైన్ (రజి) 680లో కర్బలాలో షహీదయ్యారు. మన ఊళ్ళల్లో పీర్ల పండుగ అని చేసేది ఆ జ్ఞాపకమే. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప దగ్గరికి ముస్లింల కంటే హిందువులే ఎక్కువగా వస్తారు. పీర్లు ఎత్తడం, నిప్పుల గుండం తొక్కడం సరైనదా కాదా అన్నది వేరే సంగతి. కానీ అన్యాయంగా కూర్చున్నవాడికి తల వంచనన్న మనిషిని మా తాతలు, మీ తాతలు కూడా మర్చిపోలేదు.

ఇక్కడే షియా, సున్నీ దారులు వేరయ్యాయి. నాయకత్వం ప్రవక్త (స) ఇంటివాళ్ళదే, అలీని ఆయనే నియమించారని షియా సోదరుల విశ్వాసం. వాళ్ళకి ఇమామ్ అంటే నమాజు చదివించేవాడు మాత్రమే కాదు, అల్లాహ్ తరఫున ఎన్నికైన మార్గదర్శి. వాళ్ళలో ఎక్కువమంది పన్నెండుగురు ఇమాములని నమ్ముతారు. మనం ఆ నలుగురు ఖలీఫాలనీ సన్మార్గగాములంటాం. బహ్రెయిన్‌లో, కువైట్‌లో మీ పక్క మంచం మీదే షియా సోదరుడు ఉండొచ్చు. వాళ్ళ గురించి వాట్సాప్‌లో వచ్చే తిట్లు ముందుకి పంపకండి. దయచేసి.

రాజులు అలా అయిపోతే మరి దీన్‌ని ఎవరు కాపాడారు? దర్బారుకి దూరంగా ఉన్న పండితులు. మన తెలుగు ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. సొంత సంపాదన మీద బతికినవారు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకోమంటే వద్దన్నారు. జైల్లో వేశారు. 767లో బగ్దాదులో పరమపదించారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ఖలీఫా చెప్పమన్న మాట చెప్పనందుకు కొరడా దెబ్బలు తిన్నారు. వీళ్ళకి సైన్యం లేదు, ఖజానా లేదు. ఈరోజు ఆ ఖలీఫాల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? ఈ ఇమాముల పేరుతో కోట్లమంది నమాజు చదువుతున్నారు.

బగ్దాద్ ఖిలాఫత్‌ని 1258లో మంగోలులు కూల్చారు. తర్వాత తుర్కులు. చివరికి 1924 మార్చి 3న తుర్కీ పార్లమెంటే ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని దేశం దాటించారు. ఫ్రాన్సులో ఉంటే హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకి పింఛను పంపేవాడు. 1931లో ఆయన కూతురు దుర్రె షెహ్వార్‌ని నిజాం పెద్దకొడుక్కి ఇచ్చి పెళ్ళి చేశారు. అదే కుటుంబం అమ్మాయి నిలోఫర్‌ని రెండో కొడుక్కి ఇచ్చారు. మీ పిల్లలకి జ్వరమొస్తే తీసుకెళ్ళిన నిలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదే. పాతబస్తీలో దుర్రె షెహ్వార్ ఆసుపత్రి కూడా ఉంది. ఆరు వందల ఏళ్ళ సామ్రాజ్యం పోయింది, ఆ ఇంటి ఆడబిడ్డల పేర్లు మన బీదవాళ్ళ ఆసుపత్రుల మీద మిగిలాయి. ఆ ఖలీఫా భౌతికకాయాన్ని చివరికి మదీనాలో జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. అక్కడ పేర్లు రాసిన రాళ్ళు ఉండవు.

2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో ఒకడు నల్లబట్టలేసుకుని మింబరెక్కి నేనే ఖలీఫానన్నాడు. లోకంలోని వందమందికి పైగా పండితులు బహిరంగ లేఖ రాసి, అది ఇస్లాం కాదన్నారు. వాడి మాట నమ్మి ఎంతమంది తల్లులకి కడుపుకోత! ఇప్పటికీ అలాంటి వీడియోలు వస్తుంటాయి. చూడకండి, పంపకండి. మీ ఒక్క ఫార్వర్డ్‌తో ఊళ్ళో ఇంటిల్లిపాదీ రోడ్డున పడతారు.

ఇలాంటివాళ్ళు చెప్పే మొదటి మాట, అమీర్ చెబితే ప్రశ్నించకూడదని. అబద్ధం. ప్రవక్త (స) ఒక దళాన్ని పంపి, మీ అమీర్ మాట వినండి అని చెప్పారు. దారిలో అమీర్‌కి వాళ్ళ మీద కోపం వచ్చింది. కట్టెలు పోగేయించి, మంట పెట్టించి, దూకండి అన్నాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిప్పు నుంచి తప్పించుకోవడానికే కదా మనం ప్రవక్త దగ్గరికి వచ్చింది అనుకున్నారు. ఈలోగా మంట ఆరింది, ఆయన కోపమూ చల్లారింది. తిరిగొచ్చి చెబితే, దూకి ఉంటే ఇక అందులోంచి బయటికి వచ్చేవాళ్ళు కాదనీ, విధేయత మంచిపనిలోనే అనీ ప్రవక్త (స) స్పష్టం చేశారు. సూపర్‌వైజర్ తొందరపెట్టాడని బెల్టు లేకుండా పైకి ఎక్కడం కూడా ఇందులోకే వస్తుంది. మర్యాదగా చెప్పండి, కిందే నిలబడండి.

ఇప్పుడు ఖలీఫా లేడు. కానీ ప్రవక్త (స) మనలో ప్రతి ఒక్కరూ కాపరేననీ, ప్రతి ఒక్కరినీ తన మంద గురించి అడగడం జరుగుతుందనీ బోధించారు. ఎడారిలో గొర్రెలు కాసే మన తెలుగు తమ్ముళ్ళకి ఈ మాట నేను విడమర్చక్కర్లేదు. మంద మీది కాదు. సాయంత్రం కఫీల్ వచ్చి లెక్క పెడతాడు. ఒకటి తగ్గితే మీ గుండె ఎలా కొట్టుకుంటుందో మీకే తెలుసు. ఫోర్మన్ కింద ఉన్న ఇరవైమంది ఫోర్మన్ మంద కాదు, అల్లాహ్‌ది. అబూ జర్ (రజి) అంతటి నిష్ఠాపరుడు తనకి పదవి ఇమ్మని అడిగితే, ప్రవక్త (స) భుజం తట్టి, నువ్వు బలహీనుడివి, ఇది అమానతు, సరిగ్గా మొయ్యకపోతే ప్రళయదినాన అవమానం అని నచ్చచెప్పి పంపారు.

ఇబ్నుల్లుత్బియ్యా అనే ఆయన్ని జకాత్ వసూలుకి పంపారు. తిరిగొచ్చి, ఇది మీకు, ఇది నాకు బహుమానంగా ఇచ్చారు అన్నాడు. ప్రవక్త (స) మింబరెక్కి, ఈయన అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ బహుమానం వచ్చేదా అని అందరి ముందూ అడిగారు. ఓటీ రాయడానికి, మంచి సైటుకి పంపడానికి, సెలవు కాగితం ముందుకి జరపడానికి చెయ్యి చాచే అన్నలారా, వాళ్ళే ప్రేమతో ఇస్తున్నారని మీరంటారు. మీరు ఆ కుర్చీలో లేకపోతే ఇస్తారా? ఊరికి పోయేవాడి దగ్గర ఫోన్ తెప్పించుకోవడం కూడా ఇదే లెక్క.

రూము లీడర్లకి, మెస్సు డబ్బు పట్టేవాళ్ళకి, చనిపోయిన సోదరుడి శవం ఊరికి పంపడానికి చందాలు వసూలు చేసేవాళ్ళకి కూడా ఇదే. అబూబకర్ (రజి) చివరి ఘడియల్లో, ఖలీఫా అయ్యాక నా ఇంట్లో ఏం పెరిగిందో చూసి తర్వాతి ఖలీఫాకి అప్పగించండని చెప్పారు. వెతికితే నీళ్ళు మోసే ఒంటె, పని చేసే ఒక బానిస కనబడ్డారు. అవి ఉమర్ (రజి) దగ్గరికి చేరితే ఆయన ఏడ్చారు. మీ తర్వాత వచ్చేవాళ్ళకి పని ఎంత కష్టం చేసిపోయారు అన్నారు.

మీ దగ్గర అలాంటి డబ్బు ఉంటే, ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో ఒక కాగితం మీద రాసి ఈ శుక్రవారం జుమాకి ముందే రూము తలుపుకి అంటించండి. కింద ఇద్దరితో సంతకం పెట్టించండి, అందులో ఒకరు ముస్లిం కాని సోదరుడైతే ఇంకా మంచిది. చందా వాళ్ళు కూడా ఇచ్చారు కదా.

వచ్చే వారం జకాత్ లెక్క గురించి చాలామంది అడిగారు, అది రాస్తాను, ఇన్షా అల్లాహ్.

వస్సలాము అలైకుం.